డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే ప్రమాదం జరిగితే: నష్టపరిహారానికి ఏ రోజు ఏం చేయాలి

పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు దిగి రాత్రి పూట బైకు మీద ఇంటికొస్తున్న మా వీధి అతన్ని లారీ గుద్దింది. దినకర్మలు అయ్యాక అతని భార్య ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. అందులో తాడు తెగిన ఐడీ కార్డు, అద్దం పగిలిన ఫోను, రెండు పే స్లిప్పులు, ఎఫ్ఐఆర్ కాపీ ఉన్నాయి. "గేటు బయట జరిగింది కదా, మాకు సంబంధం లేదంటున్నారన్నా" అంది. ఎఫ్ఐఆర్ తీసి చదివాను. "మోటార్ సైకిల్‌పై వెళ్తుండగా" అని మాత్రమే ఉంది. ఎక్కడి నుంచి వస్తున్నాడో, ఎక్కడికి వెళ్తున్నాడో ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క ముక్క లేనందుకు ఆమె ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది.

గేటు దాటాక యజమానికి బాధ్యత లేదన్న మాటను చాలామంది నిజమే అనుకుని అక్కడితో వదిలేస్తారు. అది నిజం కాదు. ఇంటి నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి ఇంటికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగానే చూడాలని చట్టంలో ఉంది. అయితే ఆ ప్రయాణం డ్యూటీ కోసమేనని చూపించాల్సింది మనమే. చూపించే కాగితాల్లో ఎక్కువ భాగం మొదటి వారంలోనే దొరుకుతాయి.

ముందుగా, చట్టం ఏమంటోంది

పూర్వం పరిస్థితి వేరు. కేరళలో ఒక కార్మికుడు 4.30 షిఫ్టుకి సైకిల్ మీద వెళ్తూ, ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో 4.15కి ప్రమాదానికి గురయ్యాడు. అది ఉద్యోగ ప్రమాదం కాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తర్వాత ఈఎస్ఐ చట్టాన్ని, అంటే ఉద్యోగుల జీతంలో కోత పెట్టి నడిపే ప్రభుత్వ బీమా చట్టాన్ని, సవరించి 51-ఇ అనే సెక్షన్ చేర్చారు. అది 2010 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటికీ పనిచోటుకీ మధ్య ప్రయాణంలో జరిగిన ప్రమాదానికి, ఆ సమయం, స్థలం, పరిస్థితులను బట్టి ఉద్యోగంతో సంబంధం ఉందని రుజువైతే అది ఉద్యోగ ప్రమాదమే అని ఆ సెక్షన్ చెబుతుంది.

మరి ఈఎస్ఐ లేనివాళ్ళ సంగతి? వాళ్ళకి 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఉండేది. అందులో ప్రయాణం గురించి విడిగా ఏమీ రాయలేదు కాబట్టి ఏళ్ళ తరబడి గొడవలు నడిచాయి. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి వెళ్తూ, ఫ్యాక్టరీకి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో 2003 ఏప్రిల్ 22న చనిపోయాడు. కింది స్థాయిలో ఆ కుటుంబానికి 3,26,140 రూపాయలు, వడ్డీ ఇమ్మన్నారు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 2025 జూలై 29న సుప్రీంకోర్టు ఆ కుటుంబం వైపు నిలబడి, 51-ఇలో చెప్పిన సూత్రం 1923 చట్టానికీ వర్తిస్తుందని, పాత ప్రమాదాలకీ వర్తిస్తుందని చెప్పింది. ఆ ఇల్లాలు 22 ఏళ్ళు ఎదురుచూసింది. ఆమె వల్ల మిగతా వాళ్ళకి దారి దొరికింది.

ఆ తర్వాత 2025 నవంబరు 21న ఈ పాత చట్టాల స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ప్రయాణ ప్రమాదం నిబంధన అందులోనూ ఉంది. కాబట్టి ఏ ఫారం నింపుతున్నా మొట్టమొదట ప్రమాదం జరిగిన తేదీ స్పష్టంగా రాయండి. పాత చట్టమా, కొత్త కోడా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

మొదటి రోజు: ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్లో

ముందు ప్రాణం. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకం 2025 మే నుంచి ఉంది. గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం డబ్బు కట్టకుండా చేయించుకోవచ్చు. చేర్పించేటప్పుడు ఆ పథకం పేరు చెప్పి అడగండి. ఈఎస్ఐ కార్డు ఉంటే ఆ సంగతీ అప్పుడే చెప్పండి.

ఆసుపత్రిలో డాక్టరు "ఎలా జరిగింది?" అని అడిగి రాసుకుంటారు. దాన్ని ఎంఎల్‌సీ అంటారు. టెన్షన్‌లో "బండి మీద నుంచి పడ్డాడండీ" అని ఊరుకుంటాం. అలా కాకుండా "కంపెనీలో డ్యూటీ చేసి ఇంటికొస్తుంటే రోడ్డు మీద యాక్సిడెంట్ అయింది" అని పూర్తిగా చెప్పండి. ఆ వాక్యం రాయించుకోండి.

పోలీస్ ఫిర్యాదులోనూ అదే మాట. ఏ కంపెనీ, ఏ షిఫ్టు, గేటు ఎన్నింటికి దాటాడు, ఏ దారిలో వస్తున్నాడు, ఎక్కడ జరిగింది, ఇల్లు ఎక్కడ - ఈ ఆరూ ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్ళకి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకున్నాక అక్కడే నిలబడి చదవండి. ఏదైనా తప్పిపోతే వెంటనే అదనపు వాంగ్మూలం ఇవ్వండి. మా వీధి కేసులో మేం చేయలేకపోయింది ఇదే. ఎఫ్ఐఆర్ ఇచ్చింది దారిన పోయే మనిషి, అతనికి ఇవేమీ తెలియవు. ఇంట్లోవాళ్ళు మర్నాడైనా వెళ్ళి వాంగ్మూలం ఇచ్చి ఉంటే సరిపోయేది.

బండి జారి తనంతట తాను పడినా, ఎదుటి వాహనం లేకపోయినా పోలీసులకు చెప్పడం మానకండి.

మొదటి వారం: సాక్ష్యాలు చెదిరిపోకముందే

అన్నిటికంటే ముందు కావాల్సింది కంపెనీ గేటు దగ్గరి సీసీ కెమెరా రికార్డింగు. కొన్ని రోజులు పోతే పాత దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. తర్వాత ఎంత అడిగినా ఉండదు. అందుకే యజమానికి రాసే మొదటి ఉత్తరంలోనే దాన్ని భద్రపరచమని అడగాలి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"అయ్యా, మీ సంస్థలో ఫలానా విభాగంలో, ఫలానా ఉద్యోగి నంబరుతో పనిచేస్తున్న నా భర్త ఫలానా తేదీన సెకండ్ షిఫ్టు ముగించుకుని, రాత్రి 10.05కి గేటు దాటి, రోజూ వచ్చే దారిలోనే ఇంటికి వస్తుండగా, 10.20 ప్రాంతంలో ఫలానా చోట రోడ్డు ప్రమాదానికి గురయ్యారు. ఇది ఉద్యోగానికి సంబంధించిన ప్రమాదం కనుక చట్ట ప్రకారం నమోదు చేసి, సంబంధిత అధికారులకు నివేదిక పంపి, దాని నకలు నాకు ఇవ్వగలరు. ఆ రోజు హాజరు రికార్డు, గేటు రిజిస్టరు పేజీ, రాత్రి 9.30 నుంచి 10.30 వరకు గేటు కెమెరా రికార్డింగు భద్రపరచి నకళ్ళు ఇవ్వగలరు."

దీన్ని చేతికిస్తే నకలు మీద స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయినట్టు వచ్చే రిపోర్టు దాచండి. "నోటిమాటగా చెప్పాం" అన్నది రేపు ఎవరూ ఒప్పుకోరు.

గేటు రిజిస్టరు గురించి ఇంకొక్క మాట. అతను బయటికొస్తూ పెట్టిన సంతకం, పక్కన తన చేత్తో వేసుకున్న టైము 10.04 - ఆ పేజీ జిరాక్స్ చేతికొచ్చిన రోజున మా కేసు నిలబడింది. వేలిముద్ర యంత్రం ఉన్నచోట ఆ పంచింగ్ రిపోర్టు అడగండి. ఆ రోజు ఓవర్‌టైమ్ చేశాడా? అయితే సూపర్‌వైజరు ఆపిన మెసేజీ, వాట్సాప్ గ్రూపులో షిఫ్టు లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. షిఫ్టు టైముకీ ప్రమాదం టైముకీ గంట తేడా కనపడితే అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే.

మిగతావి చకచకా చెప్పేస్తాను: కలిసి డ్యూటీ దిగిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, "బయల్దేరాను" అని ఇంటికి చేసిన కాల్ రికార్డు, ఫోన్‌లో లొకేషన్ హిస్టరీ ఉంటే అది, బస్సు టికెట్టు, బస్ పాసు, దారిలోని పెట్రోలు బంకు, దుకాణం కెమెరాలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు.

శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో వచ్చి రూమ్‌లో ఉండేవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఆధార్‌లో సొంతూరు అడ్రసే ఉంటుంది. అప్పుడు "ఇల్లు అటు లేదు కదా, ఇటు ఎందుకు వెళ్తున్నాడు?" అన్న ప్రశ్న వస్తుంది. అద్దె ఒప్పందం, రూమ్ కరెంటు బిల్లు, గ్యాస్ రసీదు, ఇంటి ఓనరు రాసిచ్చిన కాగితం - వీటిలో ఏది ఉన్నా ఉంటున్న ఇల్లు ఏదో రుజువవుతుంది. ప్రయాణానికి కొలత ఆ ఇల్లే.

దారిలో ఆగితే?

అందరూ భయపడే ప్రశ్న ఇది. కూరగాయలకి ఆగాడు, పిల్లాణ్ణి ట్యూషన్ నుంచి ఎక్కించుకున్నాడు, టీ తాగాడు. ఇన్ని నిమిషాలు ఆగితే చెల్లదు అని చట్టంలో ఎక్కడా గీత గీయలేదు. సమయం, చోటు, పరిస్థితి - ఈ మూడూ ఉద్యోగ ప్రయాణంతో అతుక్కుని ఉన్నాయా అని చూస్తారు. రోజూ వచ్చే దారి మీదే పది నిమిషాలు ఆగడం ఒకటి, ఊరి అవతల పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళి అర్ధరాత్రి తిరిగి రావడం ఇంకొకటి. ఆగిన మాట నిజమైతే దాచకండి. ఎందుకు ఆగారో, ఎంతసేపు ఆగారో ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచింది కెమెరాలో బయటపడితే నిజమైన మిగతా విషయాలను కూడా నమ్మరు.

కంపెనీ బస్సులోనో, క్యాబ్‌లోనో వస్తుండగా జరిగితే పని ఇంకా సులువు. ఆ బండి యజమాని ఏర్పాటు చేసిందే కాబట్టి సంబంధం చూపించడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. ట్రిప్ షీటు నకలు తీసుకోండి.

ఈఎస్ఐ ఉంటే

పే స్లిప్పులో ఈఎస్ఐ కింద జీతంలో 0.75 శాతం కోత కనిపిస్తే మీరు అందులో ఉన్నట్టే. నెలకి 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవాళ్ళు దీని కిందికి వస్తారు. దివ్యాంగులకైతే ఆ హద్దు 25,000. ఉద్యోగ ప్రమాదాలకి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు జరిగినా హక్కు ఉంటుంది. యజమాని చందా ఎగ్గొట్టాడని మిమ్మల్ని వెనక్కి పంపే వీల్లేదు. మీకు ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ డబ్బు ఈఎస్ఐ సంస్థ యజమాని దగ్గర వసూలు చేసుకోగలదు.

యజమాని ఫారం 12లో ప్రమాద నివేదిక పంపాలి. ఈ కాగితమే కేసుకి ప్రాణం. అందులో "డ్యూటీ నుంచి ఇంటికి వెళ్తూ" అని ఉందో లేదో చూసుకోండి. యజమాని పంపకపోతే మీరే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్ళు విచారణ చేసి ఉద్యోగ ప్రమాదమా కాదా తేలుస్తారు. మామూలు జబ్బు సెలవుగా రాసేస్తే తక్కువ డబ్బు వస్తుంది కాబట్టి ఈ తేడా గట్టిగా పట్టుకోండి.

గాయంతో ఇంట్లో ఉన్నన్నాళ్ళూ సగటు రోజు వేతనంలో 90 శాతం వస్తుంది. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు శాతం తేల్చి, దాన్ని బట్టి నెలనెలా ఇస్తారు. బోర్డు శాతం అన్యాయం అనిపిస్తే అప్పీలు ఉంది.

మనిషి పోతే ఆ 90 శాతం కుటుంబానికి పెన్షన్‌గా వస్తుంది. పంపకం ఇలా ఉంటుంది: భార్యకి అయిదింట మూడు వంతులు, ఒక్కో బిడ్డకి అయిదింట రెండు వంతులు. మొత్తం ఒకటి దాటితే అందరికీ ఆ నిష్పత్తిలో తగ్గిస్తారు. ఉదాహరణకి సగటు రోజు వేతనం 600 అనుకోండి. 90 శాతం అంటే 540, ముప్పై రోజులకి 16,200. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడింట మూడు వంతుల లెక్కన ఆమెకి సుమారు 6,943, ఒక్కో బిడ్డకి సుమారు 4,629 వస్తాయి. భార్యకి ఆమె బతికున్నన్నాళ్ళూ, లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునే దాకా ఇస్తారు. కొడుక్కి 25 ఏళ్ళు వచ్చేదాకా, కూతురికి పెళ్ళయ్యేదాకా ఇస్తారు. అంత్యక్రియలకి 15,000 వరకు విడిగా వస్తుంది.

ఈఎస్ఐ కింద ప్రయోజనం వస్తుంటే అదే ప్రమాదానికి యజమాని మీద మళ్ళీ నష్టపరిహారం కేసు వేయడం కుదరదు. గుద్దిన వాహనం మీద వేసే కేసు వేరు, దాని సంగతి కింద చెబుతాను.

ఈఎస్ఐ లేకపోతే లేబర్ ఆఫీసుకి

మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ కేసులు వినేది కార్మిక శాఖ అధికారులే. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు ఉండే చోట గానీ వేసుకోవచ్చు. అంటే హైదరాబాద్‌లో భర్త పోయి, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయిన ఆడపిల్ల ప్రతి వాయిదాకీ హైదరాబాద్ రానక్కర్లేదు. ఈ సంగతి తెలియక బస్సు ఛార్జీలకే అప్పులు చేసినవాళ్ళని చూశాను.

1923 చట్టం కింద గడువు రెండేళ్ళు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే వీలుంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

లెక్క ఇలా కడతారు. నెల జీతం ఎంతున్నా, 2020 జనవరి 3 నుంచి 15,000 దాకానే లెక్కలోకి తీసుకుంటున్నారు. మరణానికి అందులో సగం, పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతం తీసుకుని, వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో హెచ్చిస్తారు. 30 ఏళ్ళకి ఆ అంకె 207.98, 35కి 197.06, 40కి 184.17. జీతం 18,000 ఉన్న 35 ఏళ్ళ మనిషి చనిపోతే 7,500ని 197.06తో హెచ్చించాలి, అంటే 14,77,950 రూపాయలు. అదే మనిషి పనికి పూర్తిగా పనికిరాకుండా మంచాన పడితే 9,000 లెక్కన 17,73,540. వైద్యానికి అయిన అసలు ఖర్చు దీనికి అదనం. నెల దాటినా కట్టకపోతే ఏటా 12 శాతం వడ్డీ, కావాలని ఎగ్గొట్టారని తేలితే సగం దాకా జరిమానా పడొచ్చు.

కాలో చెయ్యో దెబ్బతింటే డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్‌లో రెండు విషయాలు వేరువేరుగా ఉండాలి: ఒంటికి జరిగిన లోపం ఎంత శాతం, సంపాదించే శక్తి ఎంత శాతం పోయింది. ఇవి రెండూ ఒకటి కావు. ఎడమ చేయి మోచేతి పైన తీసేసిన ఒక వడ్రంగికి, ఒక చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నూరు శాతం సంపాదన పోయినట్టే అని 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కాబట్టి దరఖాస్తులో మీ వాళ్ళు చేసే పని ఏంటో వివరంగా రాయండి. "హెల్పరు" అని ఒక్క మాటతో వదలకుండా, యాభై కిలోల బస్తాలు మోసేవాడా, నిచ్చెన ఎక్కేవాడా, రోజంతా నిలబడి మెషిన్ నడిపేవాడా చెప్పండి.

కాంట్రాక్టరు ఫోన్ ఎత్తకపోతే భయపడొద్దు. అసలు పని చేయించుకున్న పెద్ద యజమానిని కూడా ప్రతివాదిగా చేర్చండి. చట్టం అతని మీదా బాధ్యత పెట్టింది. ఆ సంస్థకి బీమా ఉంటే బీమా కంపెనీని కూడా చేర్చాలి.

తప్పు ఎవరిదన్నది ఈ కేసులో ప్రశ్నే కాదు. బండి తనంతట తాను జారిపడినా హక్కు పోదు. తాగి నడపడం వల్లే జరిగిందని యజమాని అనొచ్చు. కానీ ఆ అభ్యంతరం మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి వర్తించదు.

గుద్దిన వాహనం మీద కేసు

ఇది మోటారు వాహనాల చట్టం కింద, రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌లో వేసేది. చట్టంలో ఆరు నెలల గడువు ఉంది కాబట్టి ఆ లోపే వేయండి. ఇక్కడ 15,000 హద్దు లేదు, భవిష్యత్తులో పెరిగే సంపాదననీ చూస్తారు. అయితే ఎదుటివాడి నిర్లక్ష్యాన్ని నిరూపించాలి.

లేబర్ ఆఫీసులో నష్టపరిహారం, ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం రెండింటికీ హక్కు ఉన్నచోట ఏదో ఒకటే ఎంచుకోవాలని చట్టం. ఒకసారి ఎంచుకున్నాక వెనక్కి రావడం కష్టం. నా అభిప్రాయం చెబుతాను. జీతం 15,000కి బాగా ఎక్కువై, తప్పు లారీదేనని ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు స్పష్టంగా చెబుతూ, ఆ లారీకి బీమా ఉంటే ట్రిబ్యునల్ మేలు. తానే జారి పడినా, తప్పు ఎవరిదో తేలకపోయినా లేబర్ ఆఫీసు మేలు. ఈఎస్ఐ వస్తున్నవాళ్ళు లారీ మీద కూడా వేయాలనుకుంటే ముందు లాయరుకి కాగితాలన్నీ చూపించండి. గుద్ది పారిపోయిన వాహనమైతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం ఉంది.

లాయరుకి ఇచ్చుకోలేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ 15100.

సంతకం పెట్టే ముందు

మూడో రోజో, అయిదో రోజో కంపెనీ తరఫున ఎవరో ఒకరు కొంత డబ్బు పట్టుకుని వస్తారు. ఇల్లు ఏడుపులో ఉంటుంది, చేతిలో పైసా ఉండదు. తెల్ల కాగితం మీద గానీ, "ఇక ఏ హక్కూ లేదు" అని రాసిన దాని మీద గానీ సంతకం పెట్టకండి. చట్టం ఇచ్చిన నష్టపరిహారాన్ని వదులుకుంటానని రాసిచ్చినా అది చెల్లదు. మరణించిన కేసులో యజమాని డబ్బు కమిషనర్ దగ్గర, అంటే ఈ కేసులు వినే కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చేయాలి. నేరుగా చేతిలో పెట్టి నష్టపరిహారం తీరిపోయిందనడం కుదరదు. ఖర్చులకి ఇచ్చిన డబ్బు తీసుకోవచ్చు, కానీ "అంత్యక్రియల ఖర్చు కోసం" అని మీ చేత్తో రాసి సంతకం చేయండి.

యజమాని హైకోర్టుకి అప్పీలుకి వెళ్తానని బెదిరిస్తే కంగారుపడొద్దు. ఇవ్వమన్న డబ్బు ముందు కమిషనర్ దగ్గర జమ చేస్తేనే ఆ అప్పీలు తీసుకుంటారు. జమ చేయకుండా మొండికేస్తే భూమి శిస్తు బకాయిలా వసూలు చేసే అధికారం ఉంది.

ఈ వారమే చేసి పెట్టుకోవాల్సినవి

ఈఎస్ఐ పోర్టల్‌లో కుటుంబ సభ్యుల పేర్లు, ఇప్పుడుంటున్న అడ్రసు సరిగ్గా ఉన్నాయా చూడండి. పెళ్ళయ్యాక భార్య పేరు ఎక్కించనివాళ్ళు చాలామంది ఉన్నారు. పే స్లిప్పులు ఫోటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోన్‌కి పంపండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో వచ్చే 2 లక్షల ప్రమాద బీమా తీసుకోండి. బైకు బీమాలో బండి ఓనరు పేరు మీద ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ ఉందో లేదో పాలసీ తీసి చూడండి. గేటు దాటేటప్పుడు రిజిస్టరులో టైము మీరే వేయండి, సెక్యూరిటీ అతన్ని వేయమని వదిలేయకండి. బయల్దేరేముందు ఇంటికి ఒక చిన్న మెసేజీ పెట్టండి: "డ్యూటీ అయింది, వస్తున్నా."